తిరుపతిలో తొలిపూత నోటుబుక్కు: మాఘం నుంచి చైత్రం దాకా మన చెట్లను గమనించడం ఎలా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ రోజుల్లో ఒకసారి అలిపిరి దగ్గర నిలబడి కొండ వైపు చూడండి. అడవంతా బూడిద రంగులో ఉంటుంది. ఆకు లేని కొమ్మలు, ఎండిన బోదగడ్డి. ఈ ఏడాదికి ఇంక అయిపోయిందనిపిస్తుంది. నిదానంగా చూస్తే ఆ బూడిద రంగులో అక్కడక్కడా పచ్చని పసుపు ముద్దలు కనిపిస్తాయి. అవి కొండగోగు చెట్లు. ఒంటి మీద ఒక్క ఆకు ఉండదు, కొమ్మ చివర్లలో మాత్రం అరచేయంత పసుపు పూలు విచ్చుకుని ఉంటాయి. ఏడేళ్ళ కిందట ఆ చెట్టును మొదటిసారి పట్టించుకున్నాను. అప్పటి నుంచి ప్రతి జనవరి చివర్లో ఒక కొత్త నోటుబుక్కు కొంటున్నాను.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఉంటూ, ఉద్యోగమో చదువో చూసుకుంటూ, వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అడవి లోపలికి వెళ్ళాల్సిన పని లేదు. పెద్ద కెమెరా కూడా అక్కర్లేదు.

ముందుగా: నేల మీద కాదు, కొమ్మల్లో వెతకాలి

వసంతంలో అడవి పూలు అనగానే పచ్చిక మీద తివాచీలా పరుచుకున్న పూలు మనకు గుర్తొస్తాయి. అది మంచు కురిసే దేశాల సంగతి. అక్కడ మంచు కరగగానే నేల మీది మొక్కలు ముందు పూస్తాయి. మన దగ్గర నేల మీది చిన్న పూలకు వానాకాలమే కాలం. జూన్‌లో మొదలయ్యే నైరుతి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య వానలు, రెండూ మనకు ఉన్నాయి. తుమ్మి, అడవినాభి లాంటివి ఆ తడిలోనే పూస్తాయి. ఫిబ్రవరికి వాటిలో చాలా వరకు ఎండిపోతాయి. అప్పుడు చెట్ల వంతు వస్తుంది.

శేషాచలం అడవి చాలా వరకు ఆకురాల్చే అడవి. ఎండలు ముదరక ముందే చెట్లు ఆకు దించేసి పూతకు వస్తాయి. ఆకు అడ్డం లేకపోతే పూలు పక్షులకు, తేనెటీగలకు దూరం నుంచే కనిపిస్తాయి. పూత పిందె అయి, కాయ ముదిరి, గింజ నేల మీద పడేసరికి తొలకరి వస్తుంది. పంచాంగం ప్రకారం వసంతం చైత్రంలో మొదలవుతుంది. అడవి మాత్రం మాఘంలోనే మొదలుపెట్టేస్తుంది. అందుకే ఉగాది దాకా ఆగితే సగం పూత చూడకుండానే పోతుంది.

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కటే. యాభై చెట్లను ఒక్కోసారి చూడొద్దు, ఐదు చెట్లను పదేసిసార్లు చూడండి. చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఎన్నాళ్ళు పూస్తుందో, ఏ ఏడాది ముందుకు వచ్చిందో ఒక్క ఫొటోలో తెలియదు. అదే చెట్టు కిందికి మళ్ళీ మళ్ళీ వెళ్తేనే తెలుస్తుంది.

మొదటి అడుగు: ఏ చెట్లు? మనవే ఎంచుకోవాలి

పూసే ప్రతిదీ ఇక్కడిది కాదు. మే నెలలో ఊరంతా ఎర్రబడేలా పూసే గుల్మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చింది. రోడ్ల పక్కన రంగురంగుల చిన్న గుత్తులతో కనిపించే తలంబ్రాల మొక్క, పొలాల్లో వయ్యారిభామ, గట్ల మీద గడ్డిచామంతి, పసుపు పూల బ్రహ్మదండి, చెరువు గర్భాలను ఆక్రమించిన సర్కారు తుమ్మ, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. వీటిని నోటుబుక్కులో రాయొద్దని కాదు. చివరి పేజీలో విడిగా రాసుకోండి.

మన చెట్లలో, నా అనుభవంలో, కొత్తవాళ్ళకు బాగా కుదిరేవి ఇవి. జనవరి చివరి నుంచి బూరుగ. దాని మందమైన ఎర్ర పూలు దూరానికి కూడా తెలుస్తాయి. ఫిబ్రవరిలో మోదుగ, ఊడుగ, కొండగోగు. మార్చిలో వేప, కానుగ, అంకుడు. మార్చి చివర నుంచి ఎర్రచందనం. ఏప్రిల్లో రేల. ఇవి రమారమి తేదీలే. వానలను బట్టి, చెట్టు ఉన్న చోటును బట్టి ఒకటి రెండు వారాలు అటూఇటూ అవుతాయి. ఆ అటూఇటూ ఎంతో తెలుసుకోవడానికే మన తిప్పలు.

తంగేడు ఎంచుకోవద్దని చెబుతాను. అది నాకు ఇష్టమైన పువ్వే. కానీ మన రోడ్ల పక్కన ఏడాదిలో చాలా నెలలు ఎక్కడో ఒకచోట పూస్తూనే ఉంటుంది కాబట్టి మొదలు ఎక్కడో, చివర ఎక్కడో పట్టుకోవడం కొత్తవాళ్ళకు కష్టం. జిల్లేడు కూడా అంతే.

నేల మీది మొక్క ఒక్కటైనా ఉండాలనుకుంటే నేలవాకుడు తీసుకోండి. ఎండిన చెరువు గట్ల మీద, బీడు భూముల్లో, ఆకుల మీద కూడా ముళ్ళతో నేలకు అంటుకుని ఉంటుంది. పువ్వు అచ్చం వంకాయ పువ్వులా ఊదారంగులో, మధ్యలో పసుపు కేసరాలతో ఉంటుంది. చుట్టూ గడ్డి మాడిపోయినా అది పూస్తూనే ఉంటుంది. విష్ణుక్రాంత కూడా దొరకవచ్చు. అయితే ఆ నీలం చుక్క కోసం పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది.

రెండో అడుగు: మూడు ఎత్తుల్లో మూడు చోట్లు

తిరుపతివాళ్ళకు ఉన్న అదృష్టం ఏమిటంటే, ఊరు సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి 1000 మీటర్లకు వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన చూస్తే, కిందికీ పైకీ నాలుగు డిగ్రీల తేడా ఉంటుంది. అంటే ఒకే జాతి చెట్టు కింద ఎప్పుడు పూసింది, పైన ఎప్పుడు పూసింది అని పోల్చుకోవచ్చు. చాలా ఊళ్ళవాళ్ళకు ఈ అవకాశం లేదు.

మొదటి చోటు మీ వీధి. వేప, కానుగ దాదాపు ప్రతి వీధిలో ఉంటాయి. రెండోది కొండ అంచు. కపిలతీర్థం చుట్టుపక్కల గానీ, చంద్రగిరి కోట దారి గానీ, శ్రీనివాస మంగాపురం నుంచి శ్రీవారి మెట్టు మొదలు దాకా ఉండే రోడ్డు గానీ చాలు. మూడోది నడక దారి. కొండకు నడిచి వెళ్ళే అలవాటు ఉంటే అలిపిరి మెట్ల దారి పక్కనే రెండు చెట్లు ఎంచుకోండి. మొక్కు మొక్కుగా ఉంటుంది, చూడటమూ అవుతుంది.

చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపువాళ్ళకు మోదుగ, కానుగ, రేల ఊరి చుట్టూనే దొరుకుతాయి. హార్సిలీ హిల్స్ 1265 మీటర్లు కాబట్టి అక్కడికి నెలకొకసారి వెళ్ళగలిగినా పోలికకు బాగుంటుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు తిరుగుతాయి. అక్కడ రోడ్డు దిగి చెట్ల కోసం వెళ్ళకండి.

ఒక్కో చోట ఒకే జాతివి రెండేసి చెట్లు ఎంచుకోవడం మంచిది. దీన్ని నేను కష్టపడి నేర్చుకున్నాను. మూడేళ్ళు వరుసగా చూసిన మా వీధి కానుగ కొమ్మలను, కరెంటు తీగలకు తగులుతున్నాయని ఒక ఫిబ్రవరిలో మొదలు దాకా కొట్టేశారు. ఆ ఏడాది ఆ చెట్టుకు పూతే లేదు. రెండో చెట్టు చూసుకుని ఉంటే లెక్క తెగేది కాదు.

మూడో అడుగు: చెట్టుకు పేరు పెట్టి, చోటు గుర్తుపెట్టుకోవడం

ప్రతి చెట్టుకు ఒక పొట్టి పేరు రాసుకోండి. "మెట్టు మోదుగ 1", "పాలకేంద్రం వేప" ఇలా. ఫోన్ మ్యాప్‌లో చోటు సేవ్ చేసుకోండి. మాను మీద రంగు పూయడం, మేకు కొట్టడం, తాడు కట్టడం వద్దు. పక్కన ఉన్న బండనో మలుపునో గుర్తుగా రాసుకుంటే సరిపోతుంది.

నాలుగో అడుగు: వారం వారం ఏం రాయాలి

ఈ మొత్తం పనికి ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

వారంలో ఒక రోజు నిర్ణయించుకోండి. నాది ఆదివారం పొద్దున ఆరున్నర. చెట్టు కింద నిలబడి నాలుగు విషయాలు చూడాలి: ఆకు, మొగ్గ, విచ్చిన పువ్వు, పిందె. ఒక్కోదానికి "లేదు", "కొంచెం", "బాగా" అని మూడు మాటల్లో ఒకటి రాస్తే చాలు. చెట్టు మొత్తంలో మూడో వంతు కన్నా తక్కువ ఉంటే కొంచెం, ఎక్కువ ఉంటే బాగా. చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి రాయండి. ఎండ పడే వైపు ముందు పూసి, రెండో వైపు ఇంకా మొగ్గలోనే ఉండటం చాలాసార్లు చూశాను.

"లేదు" అని రాయడం మానొద్దు. మొదటి ఏడాది నేను పూసినప్పుడే రాశాను. ఫిబ్రవరి 25న "మోదుగ బాగా పూసింది" అని ఉంది. దాని ముందు పేజీ ఖాళీ. ఆ చెట్టు 10న మొదలైందో, 20న మొదలైందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. అంతకు ముందు వారం "మొగ్గ కొంచెం, పువ్వు లేదు" అన్న ఒక్క ముక్క ఉండి ఉంటే ఆ ఏడాది నా చేతిలో ఉండేది.

మొగ్గకూ పువ్వుకూ తేడా వేప దగ్గర నేర్చుకోవచ్చు. చేతికందే కొమ్మను దగ్గరికి తీసుకోండి. లేత రాగిరంగు చిగుళ్ళ పక్కనుంచి సన్నని కాడలు వేలాడుతుంటాయి. వాటి నిండా సజ్జగింజంత లేతాకుపచ్చ ఉండలు. ఇవి మొగ్గలు. కొన్ని రోజులకు ఉండ తెల్లబడి కాస్త పొడుగవుతుంది, ఇంకా మొగ్గే. తర్వాత ఐదు తెల్ల రేకులు వెనక్కి వాలిపోయి, మధ్యలో చిన్న గొట్టం నిలబడి కనిపిస్తుంది. ఆ గొట్టం కనిపిస్తేనే "పువ్వు" అని రాయండి. సాయంత్రం పూట వాసన ముందు వచ్చి తర్వాత చెట్టు కనిపిస్తుంది, అది కూడా రాసుకోవచ్చు. కింద నేల మీద జల్లినట్టు పూత రాలి ఉంటే ఆ మాట రాయండి. రాలడం మొదలైందంటే పిందె దగ్గర్లో ఉంది.

వేప విషయంలో ఇంకో మాట. ఉగాది పచ్చడికి వేపపువ్వు కోసుకునే మనం ప్రతి ఇంట్లోనూ తరతరాలుగా ఈ పని చేస్తూనే ఉన్నాం, రాసుకోలేదు అంతే. "ఈసారి ఉగాదికి పువ్వే దొరకలేదు" అని అమ్మ అనడం, "పిందెలు కూడా పడిపోయాయి" అని పక్కింటి అత్త అనడం మనందరం విన్నవే. అయితే అది చెట్టు ఆలస్యం కాకపోవచ్చు. ఉగాది చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి తేదీ జరుగుతూ ఉంటుంది. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. మూడు వారాల తేడా. చెట్టు నడిచేది ఎండా వానా లెక్కతో. అందుకని నోటుబుక్కులో తేదీలు ఇంగ్లీషు నెలల్లోనే రాయండి. తిథి పక్కన రాసుకుంటే సంతోషం, కానీ పోల్చేటప్పుడు తేదీనే చూడండి.

తేదీ పక్కన ఆ వారం వాన పడిందా, మబ్బా, మంచా అని నాలుగు మాటలు చేర్చండి. నోటుబుక్కు మొదటి పేజీలో అంతకు ముందు నవంబరు, డిసెంబరు నెలల్లో వానలు ఎలా పడ్డాయో తప్పకుండా రాయండి. 2021 నవంబరులో తిరుపతి నీట మునిగిన సంగతి అందరికీ గుర్తే. అలాంటి ఏడాదినీ వానలు మొహం చాటేసిన ఏడాదినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఆ పేజీ కావాలి.

మామిడిని కూడా ఒక గీటురాయిగా వాడుకోండి. అది పెంచే చెట్టే, అయినా మన జిల్లాలో పూత తేదీలు బాగా తెలిసినవాళ్ళంటే మామిడి రైతులే. దామలచెరువు వైపు తోటలున్న రైతును "ఈసారి పూత ముందా, వెనకా?" అని అడగండి. మంచు, మబ్బు, తేనెమంచు పురుగు, అన్నీ కలిపి చెబుతారు. కొండ అంచున మేకలు తోలుకొచ్చే ఒక తాత నాకు ఊడుగ చెట్టును చూపించాడు. "ఇది తెల్లగా పూసిందంటే ఎండలు మొదలయినట్టే నాయనా" అన్నాడు. ఆ మాటను అలాగే తేదీ వేసి రాసుకున్నాను. మీరూ రాసుకోండి.

ఐదో అడుగు: ఫొటోలు, దగ్గరి చూపు

ఒక్కో చెట్టుకు ఐదు ఫొటోలు చాలు: చెట్టు మొత్తం, మాను బెరడు, ఆకు ఉంటే ఆకు ముందూ వెనకా, పువ్వు ఎదురుగా, పువ్వు పక్కనుంచి. మొత్తం చెట్టు ఫొటో ప్రతి వారం అదే చోట నిలబడి తీయండి. పువ్వు పక్కన రూపాయి నాణెం పెడితే ఎంత పెద్దదో తర్వాత తెలుస్తుంది.

రాలిన మోదుగ పువ్వు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. కింద తొడిమ దగ్గర ముదురు గోధుమరంగు గిన్నె, ముట్టుకుంటే మఖమల్లా ఉంటుంది. పైన వెనక్కి వంగిన ఒక వెడల్పు రేకు, రెండు పక్కలా చిన్న రేకులు, మధ్యలో చిలక ముక్కులా వంకర తిరిగిన దోనె. దోనె లోపల కేసరాలు దాగి ఉంటాయి. గోరువంక దాని మీద వాలి తేనె కోసం ముక్కు పెడితే ఆ దోనె తెరుచుకుని పుప్పొడి పిట్టకు అంటుకుంటుంది. పది నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే ఏ పిట్టలు వస్తున్నాయో కనిపిస్తుంది. అది కూడా రాయాల్సిన విషయమే.

కోయకండి. రాలినవి బోలెడు ఉంటాయి. తిరుమలలో పూలన్నీ స్వామివే, అక్కడ ఎవ్వరూ తలలో పెట్టుకోరు. నేను ఆ పద్ధతిని కొండ కింద చెట్లకు కూడా పాటిస్తాను.

ఆరో అడుగు: పేరు సరిగ్గా తేల్చుకోవడం

ఫోన్ యాప్ చెప్పిన పేరును వెంటనే నమ్మొద్దు. అది ఒక ఊహ మాత్రమే. ఇక్కడ తరచూ తారుమారయ్యేవి కొన్ని ఉన్నాయి.

మోదుగ, ములుమోదుగ. రెండింటికీ మూడేసి ఆకులు, రెండూ ఆకు లేనప్పుడు ఎర్రగా పూస్తాయి. కొమ్మ మీద ముళ్ళుంటే ములుమోదుగ. మోదుగకు ముళ్ళుండవు, పువ్వు నారింజ రంగు. బూరుగకు కూడా లేత వయసులో మాను నిండా ముళ్ళుంటాయి కానీ దాని పువ్వు ఐదు మందమైన రేకుల దోసిలి, కాబట్టి పొరపడరు.

అంకుడు, కొడిసెపాల. రెండూ తెల్లగా పూస్తాయి, రెండింటి ఆకు తుంచినా పాలు కారతాయి. అంకుడు పువ్వు మధ్యలో తెల్లని దారాల కుచ్చు ఉంటుంది. పాత కాయలు దొరికితే ఇంకా సులువు. అంకుడు కాయలు జంటగా వేలాడుతూ కొసల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కొడిసెపాలవి విడివిడిగా వేలాడతాయి.

ఊడుగకు సాటి లేదు. ఆకు లేని ముళ్ళ కొమ్మల నిండా సన్నని తెల్ల రేకులు వెనక్కి చుట్టుకుని, కేసరాల కుంచె బయటికి పొడుచుకుని ఉంటుంది. వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోరు.

తెలుగు పేరు ఊరూరా మారుతుంది. అందుకే ఊళ్ళో విన్న పేరూ, శాస్త్రీయ నామమూ రెండూ రాయండి. మోదుగ బ్యూటియా మోనోస్పెర్మా, ఊడుగ అలాంజియం సాల్విఫోలియం, అంకుడు రైటియా టింక్టోరియా, కొండగోగు కాక్లోస్పెర్మం రెలిజియోసం.

ఏడో అడుగు: అడవి దగ్గర జాగ్రత్తలు

శేషాచలం 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం. అందులో భాగమైన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989లో ఏర్పడింది. ఎర్రచందనం దొంగరవాణా వల్ల ఇక్కడ కాపలా గట్టిగా ఉంటుంది. అనుమతి లేకుండా రోడ్డు, మెట్లు దాటి లోపలికి వెళ్ళడం నేరం, మన మంచి ఉద్దేశం అక్కడ ఎవరికీ తెలియదు. తలకోన, మామండూరు లాంటి చోట్లకు టికెట్ తీసుకుని వెళ్ళొచ్చు. ఎండలు ముదిరాక అడవి మంటల భయంతో ఆంక్షలు పెడతారు కాబట్టి బయల్దేరే ముందు అటవీశాఖవాళ్ళను అడగండి.

చిరుతల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. గుంపుగా, వెలుతురులో, దారి మీదే ఉండండి. పిల్లలను చేయి వదలొద్దు. ఎండుటాకుల్లో చేయి పెట్టొద్దు, పాములుంటాయి. తిరుమలకు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు తీసుకెళ్ళనివ్వరు, స్టీలు సీసా పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: నలుగురితో పంచుకోవడం

సీజన్‌వాచ్ అనే కార్యక్రమం దేశమంతటా ఇదే పని చేస్తోంది. ఒక చెట్టును నమోదు చేసుకుని వారానికోసారి ఆకు, పువ్వు, కాయ ఎంత ఉన్నాయో రాయడమే. పైన చెప్పిన "లేదు, కొంచెం, బాగా" పద్ధతి కూడా అక్కడిదే. బళ్ళో టీచర్లయితే ఒక తరగతికి ఒక చెట్టు ఇవ్వొచ్చు. జాతి ఏమిటో తేలకపోతే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఫొటోలు పెట్టండి, తెలిసినవాళ్ళు చూసి చెబుతారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఎర్రచందనం ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కొండ సాంబ్రాణి కూడా ఈ కొండల సొత్తు. ఇలాంటి వాటి కచ్చితమైన చోటు ఎక్కడా పెట్టొద్దు, వాట్సాప్ గ్రూపులో కూడా. ఐనాచురలిస్ట్ ముప్పులో ఉన్న జాతుల చోటును కొంతవరకు తనే మసకబారుస్తుంది. అయినా మీరు కూడా ఆ సెట్టింగ్ చూసుకోండి. ఎర్రచందనం పూత చూడాలనుంటే ఊళ్ళో తోటల్లో, రోడ్ల పక్క నాటిన చెట్లున్నాయి. మార్చి చివర నుంచి మే దాకా ఎప్పుడో ఒక పొద్దున ఆ చిన్న పసుపు పూల మీద తేనెటీగల రొద వినిపిస్తుంది.

తొమ్మిదో అడుగు: రెండో ఏడాది

ఏప్రిల్ చివరికి ఒక్కో చెట్టుకు ఒక్కో వరుస రాయండి: మొదటి మొగ్గ, మొదటి పువ్వు, పూత "బాగా" ఉన్న వారాలు, చివరి పువ్వు, మొదటి పిందె. రెండో ఏడాది దాని కిందే ఇంకో వరుస. రెండేళ్ళ తేడా చూసి వాతావరణం మారిపోయిందని చెప్పేయొద్దు. ఒక ఏడాది విరగబూసిన చెట్టు మరుసటి ఏడాది తగ్గడం మామూలే. ఐదారు వరుసలు పడ్డాక, అదీ రెండు మూడు చెట్లు ఒకే వైపు జరిగితే, అప్పుడు అడగాల్సిన ప్రశ్న దొరికినట్టు.

నా శ్రీవారి మెట్టు మోదుగకు ఇప్పుడు ఏడు వరుసలున్నాయి. మొదటిదాంట్లో ఒక్క తేదీ మాత్రమే ఉంది, మిగతా గళ్ళు ఖాళీ. మీ నోటుబుక్కులో ఆ ఖాళీ ఉండకూడదంటే జనవరి చివరి ఆదివారమే మొదలుపెట్టండి. ఆ రోజు చాలా చెట్ల దగ్గర రాసేది "పువ్వు లేదు" అనే. రాయండి.